బోర్లించిన కప్పు

డెల్విన్ వైనీకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. టాస్మేనియా తీరంలోని బర్నీ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు తక్కువ. మామూలుగా మాట్లాడితే ఆవిడ మాట రోడ్డవతలికి వినబడుతుంది. గొంతు తగ్గించిందంటే మాత్రం ఎదుటివాళ్ళు కాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంటారు. ఆ ఏడు ఈస్టర్ ముందు ఆవిడ అందరితోనూ గొంతు తగ్గించే మాట్లాడింది, బ్రెడ్డు అమ్మే అమ్మాయితో సహా. తను ఏం తప్పు చేసిందోనని ఆ అమ్మాయి చాలా రోజులు బెంగపెట్టుకుంది.

ఆ కోపమంతా ఒక కప్పు మీద. నీలం అంచున్న తెల్ల ఎనామెల్ కప్పు. లిన్జీ ట్రిఫిట్‌ది.

లిన్జీకి పెంగ్విన్ అనే ఊరి వెనక కొండ మీద ఒక షెడ్డుంది. అతని తండ్రి కాలంలో గొర్రెలకి ఉన్ని కత్తిరించిన షెడ్డు. నేలకి ఇంకా ఆ జిడ్డు వాసన పోలేదు. ఏటా ఈస్టర్ వెళ్ళాక శనివారం మటన్‌బర్డ్ వాళ్ళు అక్కడ చేరతారు. మటన్‌బర్డ్ అంటే దక్షిణ సముద్రం మీద తిరిగే పిట్ట. కొవ్వు ఎక్కువ, కొందరికి ప్రాణం, కొందరికి వాసనే పడదు. ఇక్కడ మాత్రం అదొక కంప్యూటర్ భాష. లిన్జీ వయసులో ఉండగా ఒక దీవికి ఆ పిట్టల వేటకి వెళ్ళి, వారం రోజుల వాన పట్టుకుంటే గుడిసెలో ఊసుపోక మొదలుపెట్టాడు. చిన్న భాష, పాత మిషన్ల మీద కూడా పరిగెత్తుతుంది. అందుకని టాస్మేనియా అంతా, న్యూజిలాండ్‌లో సగం దాకా పాకింది. చేపల ఫారాలు, చిన్న మునిసిపాలిటీలు, ఊరి గ్రంథాలయాలు దానితోనే నడుస్తాయి.

ఆ సమావేశానికి ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకోవాలి, ఎవరి కప్పు వాళ్ళు పట్టుకోవాలి. భాషలో ఏదైనా మార్చాలంటే కావలసినవాళ్ళు లేచి చెబుతారు. ఎవరూ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే. వద్దనేవాళ్ళు లేచి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, తమ కప్పు బల్ల మీద బోర్లిస్తే చాలు. ఒక్క కప్పు బోర్లపడినా ఆ మాట ఏడాది దాకా ఎత్తకూడదు. ఆ కప్పుని షెడ్డు అరమీద అలాగే బోర్లించి ఉంచుతారు. కప్పు బోర్లించినవాళ్ళే ఆ పూట అందరి గిన్నెలూ తోమాలి. ఊరికే వద్దనడం మరీ సులువైపోకూడదని లిన్జీయే పెట్టిన నియమం అది. తాళాల విషయంలో ఏటా కప్పు బోర్లించిందీ అతనే, ఈల వేసుకుంటూ గిన్నెలు తోమిందీ అతనే.

తాళాలంటే ఇక్కడ చెప్పాలి. భాషతో పాటు ఉచితంగా వచ్చే సరంజామాని లోకమంతా స్టాండర్డ్ లైబ్రరీ అంటుంది, వీళ్ళు పెట్టె అంటారు. తేదీలు లెక్కగట్టే పనిముట్టు, ఫైళ్ళు చదివే పనిముట్టు, ఆటలకి పాచికలు వేసే పనిముట్టు, అన్నీ ఆ పెట్టెలో ఉంటాయి. లేనిది క్రిప్టోగ్రఫీ ఒకటే. అంటే రహస్యాన్ని రహస్యంగా ఉంచే విద్య. దాన్నే వీళ్ళు తాళాలంటారు. అది కావాలంటే బయట ఎవరో రాసి పంచిపెట్టే సరుకు వెతికి తెచ్చుకోవాలి.

డెల్విన్‌కి ఈ విద్య అబ్బింది నడివయసు దాటాక. పదిహేడో ఏట పేపరు మిల్లులో జీతాల ఆఫీసులో చేరింది. మిల్లు మూతపడినప్పుడు మగవాళ్ళకి విందు ఇచ్చి సాగనంపారు, ఆఫీసు ఆడవాళ్ళకి తలా ఒక గోడ గడియారం ఇచ్చారు. ఆ గడియారాన్ని ఆవిడ ఇప్పటికీ మరుగుదొడ్డిలో వేలాడదీసి ఉంచుకుంది, పగబట్టి. తర్వాత సాయంత్రం క్లాసులకి వెళ్ళింది. అక్కడ పాఠం చెప్పినవాడే లిన్జీ. తప్పు చేస్తే నవ్వడు, ఒప్పు చేస్తే పొగడడు, ఇంకోలా రాసి చూపించు అంటాడు. తనని మనిషిగా లెక్కచేసిన మొదటి మగవాడు లిన్జీయేనని డెల్విన్ ఇప్పటికీ ఒప్పుకుంటుంది. తన మొగుడు బ్యారీని కూడా కలుపుకునే ఆ మాట అంటుంది. బ్యారీ వినేలాగే అంటుంది.

పొలాల మధ్య నడిచేవాళ్ళకి ఇక్కడొక మర్యాద ఉంది. గేటు మూసి ఉంటే మూసేసి వెళ్ళాలి, తెరిచి ఉంటే తెరిచే వెళ్ళాలి. అది ఎందుకలా ఉందో నీకు తెలియదు, పశువులు నీవి కావు. లిన్జీ ఆ మర్యాదని భాషకి పట్టించాడు. ఒకసారి పెట్టెలోకి చేరిన పనిముట్టుని మార్చకూడదు, తీసెయ్యకూడదు. దాని మీద ఎవరి ప్రోగ్రాములు నిలబడి ఉన్నాయో మనకి తెలియదు కదా అంటాడు.

ఆ మర్యాదే అతన్ని ఒకసారి ముంచింది. మొదట్లో పెట్టెలో ఒక తాళం ఉండేది. అప్పటికి గట్టిదే. కొన్నేళ్ళకి చదువుకున్నవాళ్ళు ఎక్కడో దాన్ని విరగ్గొట్టి చూపించారు. తీసేద్దామంటే గేటు నియమం అడ్డం. దాన్ని నమ్ముకున్న ఒక చిన్న పడవల కంపెనీ కాగితాలన్నీ ఊరి చేతుల్లో పడ్డాయి. ఎవరికి ఏ జబ్బు, ఎవరికి ఎంత అప్పు అన్నీ బయటికొచ్చాయి. ఆ యజమాని భార్య లిన్జీని చర్చి మెట్ల మీద నిలబెట్టి, నీ పెట్టెలో ఉందనే కదా వాడాం అని అడిగింది. అతను తల వంచుకుని నిలబడ్డాడు. ఆ తాళం ఇప్పటికీ పెట్టె అడుగున పడి ఉంది, వాడొద్దు అని చీటీ అంటించుకుని.

అప్పటినుంచి లిన్జీది ఒకటే మాట. "తాళం పాలలాంటిది తల్లీ. ఇవాళ బాగుంటుంది, రేపు విరిగిపోతుంది. మన పెట్టెలో పెట్టింది మాత్రం శాశ్వతం. పాలు తీసుకెళ్ళి శాశ్వతంగా పెట్టెలో పెడతానంటావేంటి?"

"మరి జనం ఎక్కడ తెచ్చుకోవాలి?"

"బయట. తాళాలు చేసేవాళ్ళ దగ్గర. పాడైతే వాళ్ళే మారుస్తారు."

అతని మాటలో నిజం లేదని డెల్విన్ ఎప్పుడూ అనలేదు. కానీ ఆవిడకి ఒళ్ళు మండే సంగతి ఇంకోటుంది. మటన్‌బర్డ్ నేర్చుకునేవాళ్ళు మొట్టమొదట చదివే పేజీలో, లిన్జీ స్వయంగా రాసిన సలహా ఉంది. పెట్టెలో ఉన్నదే వాడండి, దారినపోయేవాళ్ళ సరుకు తెచ్చి ఇంట్లో పెట్టుకోకండి అని. ఒక చేత్తో తాళం బయట కొనుక్కోమంటాడు, ఇంకో చేత్తో బయటికి వెళ్ళొద్దంటాడు. ఏటా ఇదే అడిగేది. ఏటా లిన్జీ నవ్వి, తెలివున్నవాళ్ళకి రెండూ అర్థమవుతాయిలే అని కప్పు బోర్లించేవాడు. ఆవిడ కూడా ఏటా మొహం మాడ్చుకుని ఇంటికి వచ్చేది. అంతవరకూ అది ఇద్దరు స్నేహితుల మధ్య పాత పేచీ.

మార్చిలో ఫే జేగో ఫోన్ చేసింది.

ఫే నడిపేది మొగుళ్ళ దెబ్బలకి పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు తలదాచుకునే ఇల్లు. అది ఎక్కడుందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. వాళ్ళ కంప్యూటర్లు పాడైతే డెల్విన్ వెళ్ళి బాగుచేసేది. అది కూడా ఫే ఆఫీసులోనే, ఆ ఇంటికి కాదు.

"డెల్, వాడు వచ్చాడు" అంది ఫే.

"ఎవడు?"

"టామ్సిన్ మొగుడు. పొద్దున్నే తిన్నగా తలుపు దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. పిల్ల పేరు పెట్టి పిలుస్తున్నాడు. పక్కింటావిడ కుక్కని వదిలితే గానీ కదల్లేదు. పోలీసులు పట్టుకెళ్ళారు, బెయిలు మీద వచ్చేస్తాడట. ఎవరు చెప్పారో తెలియట్లేదు. ఇల్లంతా ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకుంటున్నారు. టామ్సిన్ అయితే నేనే ఏదో వాగి ఉంటానని తల బాదుకుంటోంది."

డెల్విన్ ఫే ఆఫీసుకి వెళ్ళి కూర్చుంది. ఆ ఇంట్లో ఉండే ప్రతి ఆడమనిషికీ ఫోన్లో ఒక సొంత పేజీ ఉంటుంది. లాయరు ఎప్పుడు వస్తాడు, పిల్లని బడికి తీసుకెళ్ళే కారు ఏ గుమ్మం ముందు ఆగుతుంది, అన్నీ అందులోనే. ఆ పేజీకి పేరూ గుర్తుపదమూ ఉండవు. పొడవాటి ఒక అంకె, అంతే. అంకె తెలిసినవాళ్ళకే పేజీ తెరుచుకుంటుంది. ఆ అంకె ఎలా పుడుతోందో ప్రోగ్రాములో వెతికి చూసి, డెల్విన్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

పాచికలు. పెట్టెలోని ఆటల పాచికలు.

ఆ పాచికలు ఆటకి బాగుంటాయి. అవి గడియారంలో ఆ క్షణాన ఉన్న టైముని పట్టుకుని మొదలవుతాయి. ఏ క్షణాన వేశారో తెలిస్తే ఏం పడిందో ఎవరైనా మళ్ళీ వేసి చూసుకోవచ్చు. ఆ క్షణం టామ్సిన్ మొగుడికి తెలుసు. టామ్సిన్ వదిలేసి వచ్చిన పాత ఫోనుకి పొరపాటున ఒక్క సందేశం వెళ్ళింది, మీ పేజీ సిద్ధమైంది అని. అడ్రసు లేదు, అంకె లేదు. వచ్చిన టైము మాత్రం ఉంది. ఆ మొగుడు చేపల ఫారంలో మటన్‌బర్డ్ ప్రోగ్రాములు చూసుకునే మనిషి. కాఫీ తాగుతూ చేసుకుని ఉంటాడు ఆ పని.

"టామ్సిన్‌కి చెప్పు. ఆవిడ వాగలేదు. ఎవరూ వాగలేదు" అంది డెల్విన్. గొంతు తగ్గింది ఆ పూటే.

ఆ ప్రోగ్రాము రాసినతను గ్లెన్ సోవర్‌బై, లాన్సెస్టన్‌లో ఉంటాడు. ఫోన్లో అతన్ని కడిగెయ్యాలని కూర్చుంది. ముందు విషయం చెప్పింది.

"ఆవిడ బాగానే ఉందా?" అన్నాడతను.

"బతికే ఉంది. పాచికలెందుకు వాడావు?"

"పెట్టెలో వేరే ఏముందండీ? విరిగిన తాళం ఉంది, వాడొద్దని రాసుంది. పాచికలున్నాయి, ఎవరికీ తట్టని అంకెలు ఇస్తాయని రాసుంది. బయటి సరుకు వాడితే గ్రాంటు ఇచ్చే ఆఫీసు ఒప్పుకోదు. పెట్టెలో ఉన్నదే వాడాలని వాళ్ళ నియమం. ఆ నియమంలో వాక్యం ఎవరిదో తెలుసా? మీ పేజీలోదే. అక్షరం మార్చకుండా ఎత్తుకున్నారు."

కడిగెయ్యడానికి మనిషి దొరకలేదు. అతను మంచి పనివాడు, చెప్పినట్టల్లా చేశాడు. చెప్పినట్టు చేసినందుకే ఒక ఆడమనిషి గుమ్మం ముందు వాడొచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు ఆ అంకెల్ని మార్చాలన్నా బయటి సరుకు తేకూడదు. రాష్ట్రంలో అలాంటి ఇళ్ళన్నిటికీ అదే ప్రోగ్రాము. పెట్టెలోకి తాళం వస్తే తప్ప వాటికి తలుపులు లేనట్టే. మళ్ళీ కాగితాల మీద రోజులు గడిపేది ఎవరు? ఫే అప్పటికి పేజీలన్నీ ఆపేసి, ప్రతి మనిషికీ తనే వెళ్ళి చెవిలో చెప్పుకొస్తోంది.

టామ్సిన్‌ని ఇంకో ఇంటికి మార్చాల్సి వచ్చింది. సామాన్లు ఫే వాళ్ళ పాతబట్టల దుకాణం వెనక షెడ్డుకి తెస్తే, అక్కడినుంచి వేరేవాళ్ళు తీసుకెళతారు. డెల్విన్ తన బండి తీసుకెళ్ళింది. టామ్సిన్ సన్నటి మనిషి, మాటామాటకీ సారీ చెప్పే అలవాటు. సంచీ కింద పడ్డా సారీ, డెల్విన్ కాలు తగిలినా సారీ. కూతురు రంగురంగుల గొడుగొకటి పట్టుకుని బండిలో కూర్చుంది.

"బడిలో వచ్చే వారం నాటకం ఉంది దానికి. పెంగ్విన్ వేషం. ఒప్పుకోమని నాలుగు నెలలు బతిమాలాను, మొన్ననే నోరు విప్పి పాట పాడింది" అంది టామ్సిన్. ఆగి, "సారీ, మీకెందుకు ఇదంతా" అంది.

"ఇంకోసారి సారీ అన్నావంటే నడిపించి తీసుకెళతాను" అంది డెల్విన్. ఇంటికి వచ్చాక మరుగుదొడ్డిలో గడియారం దింపి, బద్దలుకొట్టి చెత్తలో వేసింది. మిల్లు మీద కోపం కాదు అది. చేతికి ఏదో ఒకటి కావలసి వచ్చింది.

ఈస్టర్ వెళ్ళాక శనివారం షెడ్డుకి మామూలుగానే అందరూ వచ్చారు. డెల్విన్ స్కాలప్ పైలు చేసి తెచ్చింది, అంటే సముద్రపు గుల్లల మాంసం కూరిన రొట్టెలు, పసుపుపచ్చటి మసాలా వేసి. వెంట ఫే వచ్చింది, చేతిలో ఒక బంగాళాదుంపల సలాడు, మొహంలో నవ్వు లేదు. న్యూజిలాండ్ నుంచి వచ్చే హేమి డెల్విన్‌ని చూసి, "తాళాలమ్మ వచ్చింది, లిన్జీ, సబ్బు తీసి పెట్టుకో" అన్నాడు. ఏటా అనేదే. ఈసారి డెల్విన్ తిరిగి ఏమీ అనకపోయేసరికి అతను ఒక పై రొట్టె తీసుకుని పక్కకి వెళ్ళిపోయాడు.

తిండి అయ్యాక ఆవిడ లేచింది. టామ్సిన్ పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. షెడ్డులో రేకుల మీద వాన చినుకులు తప్ప ఇంకేమీ వినబడలేదు, ఆవిడ గొంతు అంత కిందికి దిగింది.

లిన్జీ మొహం పాలిపోయింది. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే డెల్విన్‌కి అంత కోపమే వచ్చేది కాదు.

"ఘోరం డెల్. నిజంగా ఘోరం. కానీ అది పాచికలతో తాళం చేసినవాడి తప్పు. పెట్టె తప్పు కాదు" అన్నాడు.

"అతను పెట్టె దాటి వెళ్ళలేదు. దాటొద్దన్నది ఎవరు?"

"సలహా అన్నాను. చట్టం అనలేదు."

"నువ్వు సలహా అంటే ఈ ప్రాంతంలో చట్టమే లిన్జీ. నీకు తెలుసు. తెలిసీ ఎన్నేళ్ళు నవ్వుతూ కూర్చున్నావు?"

"సరే, పెడదాం. పదేళ్ళకి ఈ కొత్త తాళం కూడా విరుగుతుంది. అప్పుడు తీయలేం. అప్పుడు ఇంకో ఆడమనిషి గుమ్మం ముందు ఇంకొకడు నిలబడతాడు. ఆ రోజు నువ్వు వెళ్ళి జవాబు చెబుతావా చర్చి మెట్ల మీద?"

దీనికి డెల్విన్ సిద్ధంగానే వచ్చింది. "గేటు మార్చం. గడియ మారుస్తాం. పెట్టెలో పెట్టే పనిముట్టు పేరు 'తాళం వెయ్యి' అంతే. ఏ రకం తాళమో పేరులో ఉండదు. లోపలిది విరిగితే లోపలిది మారుస్తాం, బయట పేరు అదే ఉంటుంది. నీ పశువులు ఎక్కడివి అక్కడే ఉంటాయి. పాత తాళంతో వేసినవి తెరవడానికి పాత తాళంచెవి ఉంచుతాం, కొత్తగా వెయ్యడానికి మాత్రం అది పనికిరాకుండా చేస్తాం."

బల్ల చుట్టూ కొందరు తలలూపారు. హేమి తన కప్పుని రెండు చేతులతో పట్టుకుని నిటారుగా పెట్టుకున్నాడు.

"బాగానే ఉంది తల్లీ. కాగితం మీద బాగుంది" అన్నాడు లిన్జీ. "కానీ లోపలిది ఎప్పుడు మార్చాలో చూస్తూ కూర్చునేది ఎవరు? జీతం లేని పని. నువ్వా? నేనా? నేను ఎన్నాళ్ళుంటాను? ఒక మనిషి కాపలా లేని తాళాన్ని పెట్టెలో పెట్టి, ఇది భద్రం అని జనానికి చెప్పలేను. ఒకసారి చెప్పాను. ఇంక నా వల్ల కాదు."

అని కప్పు బోర్లించాడు. అడుగున మిగిలిన టీ బల్ల మీద గుండ్రంగా కారింది.

ఫేకి ఆ కప్పు సంగతి తెలియదు. "ఏంటది? ఏం చేశాడాయన?" అంది.

"వద్దన్నాడు" అన్నాడు హేమి. "ఇంక ఏడాది దాకా ఆ మాట లేదు."

"ఒక కప్పు తిప్పితే అంతేనా?"

"అంతే. తర్వాత గిన్నెలు తోముతాడు."

ఫే అందరి మొహాలూ చూసింది. పెద్ద పెద్ద చదువుల వాళ్ళు, మర్యాదస్తులు, పై రొట్టె ముక్కలు నములుతూ బల్ల వైపు చూస్తున్నారు. "పెద్దాయనా, నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళ మొగుళ్ళు కూడా కొట్టాక గిన్నెలు తోముతారు" అంది.

లిన్జీ అప్పటికే చొక్కా చేతులు మడుచుకుని తొట్టి వైపు నడుస్తున్నాడు. డెల్విన్ వెళ్ళి తొట్టికి అడ్డంగా నిలబడింది.

"వద్దు" అంది. పక్కనున్నవాళ్ళకి కూడా సరిగ్గా వినబడలేదు. "ఇవి నేను తోముకుంటాను. ఏటా ఈ తొట్టిలో చేతులు పెట్టి, నీ 'వద్దు'కి లెక్క సరిపోయిందనుకుంటున్నావు. దాని లెక్క ఇక్కడ లేదు. రేపు పొద్దున ఆ ఇంటినే ఖాళీ చేస్తున్నారు. వాడికి దారి తెలిసిపోయింది, ఇంక అక్కడ ఎవరూ ఉండకూడదు. అందరి సామాన్లూ మొయ్యాలి. నీ ట్రైలరు తీసుకుని పాతబట్టల దుకాణం వెనక్కి రా. నీ 'వద్దు' పని అక్కడుంది."

అతను వచ్చాడు. రాడేమో అనుకుంది, వస్తే ఇంకా కోపం వస్తుందేమో అని కూడా అనుకుంది. రెండోదే జరిగింది. డెబ్బయ్యేళ్ళ మనిషి, నడుం నొప్పి ఉన్న మనిషి, పరుపులూ, పసిపిల్లల కుర్చీలూ, సంచుల్లో కుక్కిన బట్టలూ ఒక్క మాట లేకుండా ఎత్తి పెట్టాడు. సాయానికి వచ్చిన డెల్విన్‌ని చేత్తో పక్కకి జరిపాడు. అతన్ని జాలిగా చూడాల్సి రావడం ఆవిడకి మరీ మంటగా ఉంది.

మార్చిన ఇంట్లో టామ్సిన్ నాలుగు రాత్రులు కూడా నిద్రపోలేదు. ప్రతి కారు చప్పుడుకీ లేచి కూర్చుంటోందని, ఇంకా దూరం పంపిస్తున్నారు. ఆ పొద్దున ఆవిడ కూడా దుకాణం వెనక షెడ్డులోనే ఉంది. ఎవరో పెద్దాయన సాయం చేస్తున్నాడని టీ కాచి ఇచ్చింది.

"సారీ, పంచదార తక్కువైందేమో" అంది.

"బాగుందమ్మా" అన్నాడు లిన్జీ.

"మీరు కంప్యూటర్ల మనిషని ఫే చెప్పింది. అక్కడికి వెళ్ళాక నాకు మళ్ళీ పేజీ ఇస్తారా? లాయరు తేదీలు గుర్తుండట్లేదు నాకు. బుర్ర పనిచెయ్యట్లేదు."

లిన్జీ కప్పు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇస్తే ఈసారి అంకె వాడికి దొరకదు కదా?" అంది టామ్సిన్. అడిగిన తీరులో నిందేమీ లేదు. వాన పడుతుందా అని అడిగినట్టే అడిగింది.

లిన్జీ డెల్విన్ వైపు చూశాడు. డెల్విన్ మొహం తిప్పుకుంది. ఏళ్ళ తరబడి ఆవిడ అడిగిన ప్రశ్నే అది. తను అడిగినప్పుడు నవ్వినవాడు ఇప్పుడు తనని చూస్తే తనేం చెబుతుంది? గొడుగు పట్టుకున్న పిల్ల మాత్రం కొత్త మనిషిని చూసిన భయంతో తల్లి వెనకాలకి జరిగింది.

"తెలియదమ్మా" అన్నాడు లిన్జీ. "ఇప్పటికి తెలియదు." టీ మొత్తం తాగేసి, తొట్టి దగ్గరికి వెళ్ళబోయి ఆగి, కప్పు ఆవిడ చేతికే ఇచ్చాడు. తర్వాత ట్రైలరు తాళ్ళు బిగించాడు. ఒకే ముడిని విప్పి మళ్ళీ మళ్ళీ వేశాడు.

పైలు తెచ్చిన రేకుపళ్ళెం లిన్జీ షెడ్డులో మరిచిపోయిందని డెల్విన్ ఆ వారంలోనే పెంగ్విన్ కొండెక్కింది. పళ్ళెం ఒక వంక. అతనితో స్నేహం తెంచుకుంటున్నానని మొహం మీద చెప్పి వద్దామని వెళ్ళింది. దారి పొడుగునా ఆ మాటలు సరిచూసుకుంది.

షెడ్డు తలుపు తీసే ఉంది. అరమీద ఏడాది పాటు బోర్లించి ఉండాల్సిన కప్పు వెల్లకిలా ఉంది. మధ్యలో కప్పు తిప్పడం ఇదివరకు ఎవరూ చెయ్యలేదు, చెయ్యొచ్చో కూడదో కూడా నియమాల్లో లేదు. లిన్జీ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎదుట తెర మీద మటన్‌బర్డ్ మొదటి పేజీ తెరిచి ఉంది. దారినపోయేవాళ్ళ సరుకు అన్న వాక్యం అక్కడ లేదు. దాని చోట, తాళం వచ్చేదాకా పాచికలతో రహస్యాలు చెయ్యొద్దని, అలా చేసి ఉంటే ఈ రాత్రికే ఆపమని, కింద తన పేరుతో రాశాడు. దాని కింద, రాబోయే తాళానికి కాపలా ఉండేవాళ్ళ పేర్లు: మొదటిది తనదే, రెండోది హేమిది, మూడోది ఖాళీ.

"కప్పు తిప్పాను" అన్నాడు.

"చూశాను."

"గ్రాంటు ఆఫీసుకి కూడా ఉత్తరం రాశాను. నా వాక్యం నేను వెనక్కి తీసుకున్నానని. మూడో పేరు నీది రాయనా?"

తెంచుకుందామని తెచ్చిన మాటలు ఆవిడ నోట్లోనే ఉన్నాయి. ఆ పిల్ల పెంగ్విన్ వేషం నాటకం మొన్న శుక్రవారం అయిపోయింది, ఆ పిల్ల లేకుండానే. పోయిన ఏడు ఈ కప్పు ఇలా నిలబడి ఉంటే ఆ పిల్ల ఆ స్టేజీ మీద పాడేది. అంత చిన్న సంగతి. అది తలుచుకుంటే ఆవిడకి ఆ కప్పుని తీసుకెళ్ళి సముద్రంలో విసిరెయ్యాలనిపించింది.

"రాయి" అంది. "నీకోసం కాదు."

"తెలుసు." అతను రాశాడు. రాసి, కుర్చీలో వెనక్కి వాలి, "టామ్సిన్‌కి చెప్పాలని ఉంది డెల్. ఆవిడ అడిగినదానికి జవాబు. నేనే వెళ్ళి చెబుతాను. ఎక్కడుంది ఇప్పుడు?" అన్నాడు.

డెల్విన్ రేకుపళ్ళెం చంకలో పెట్టుకుంది.

"నాకు తెలియదు. నీకూ తెలియకూడదు" అంది. ఆవిడ గొంతు చాలా రోజులకి షెడ్డు బయటికి వినబడింది. "ఇన్నేళ్ళూ నేను అడుగుతున్నది అదే కదా లిన్జీ."